స్పీడ్ టెస్ట్‌లో 39 చూపిస్తోంది, కాల్ మాత్రం తెగుతోంది: అసలు ఏం కొలవాలి?

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్ · శుక్రవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది నిజాంపేట్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఫైబర్ కనెక్షన్, 40 ఎంబీపీఎస్ ప్లాన్, అప్‌లోడ్ కూడా అంతే. నా ఆఫీసు కాల్స్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై పదిన్నర దాకా సాగుతాయి. నెల రోజుల నుంచి, తొమ్మిది దాటితే చాలు, నా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందని అవతలివాళ్లు అంటున్నారు. నిన్న క్లయింట్ ముందే మూడుసార్లు కాల్ పోయింది. కాల్స్ అన్నీ అయ్యాక ఫోన్‌లో ఊక్లా స్పీడ్‌టెస్ట్ పెట్టాను. డౌన్‌లోడ్ 39, అప్‌లోడ్ 39, పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) 4 మిల్లీసెకన్లు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "మీకు ఫుల్ స్పీడ్ వస్తోంది సార్, కావాలంటే 200 ప్లాన్‌కి మారండి" అన్నారు. ఎక్కువ కట్టడానికి నేను సిద్ధమే. కట్టాక కూడా ఇలాగే ఉంటే ఏం చేయాలన్నదే నా భయం. మారేముందు ఏం కొలిచి చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఉప్పల్_గేమర్ · శుక్రవారం, రాత్రి 11:58

బ్రో, ప్లాన్ మార్చకు. కాల్‌కి 40 చాలా ఎక్కువ. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే 4కే సినిమాకి 15 ఉంటే చాలంటారు. వీడియో కాల్‌కి అందులో నాలుగో వంతు కూడా పట్టదు. ప్రాబ్లం స్పీడ్‌లో లేదు, పింగ్‌లో ఉంది.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్ · శనివారం, అర్ధరాత్రి 12:10

పింగ్ 4 అనే చూపిస్తోంది కదా తమ్ముడూ?

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · శనివారం, ఉదయం 9:15

ఆ 4 నిజమే, కానీ ఎవరూ వాడనప్పటి 4 అది. పైగా ఎక్కడికి 4? స్పీడ్‌టెస్ట్ మీకు దగ్గర్లో ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటుంది. చాలాసార్లు అది హైదరాబాద్‌లోనే, మీ ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. అంటే మీ ఇంటి నుంచి వీధి చివరి దాకా రోడ్డు బాగుందని తేలింది, అంతే. మీ కాల్ వెళ్లేది విజయవాడ హైవే మీద అనుకోండి, దాని సంగతి ఈ పరీక్ష చెప్పదు.

ఇంకో మాట. ఆ టెస్ట్ ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి కొద్ది సెకన్ల పాటు లాగి, ఎంత వచ్చిందో చూపిస్తుంది. సినిమా దించుకోవడానికి అది సరైన కొలతే. కాల్ మాత్రం సెకనుకు యాభై చిన్న చిన్న పొట్లాలు (ప్యాకెట్లు), ఒకదాని వెనక ఒకటి, సమానమైన వ్యవధిలో చేరాలని కోరుతుంది. ఒక్క పొట్లం అర సెకను ఆలస్యమైతే గొంతు ముక్కవుతుంది. అందుకని చూడాల్సినవి మూడు వేరే ఉన్నాయి. పొట్లం వెళ్లి రావడానికి పట్టే సమయం లేటెన్సీ. ఆ సమయం ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పేది జిట్టర్. దారిలో పోయినవి ప్యాకెట్ లాస్. ఈ మూడూ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, నిండా వాడుతున్నప్పుడు చూడాలి.

మీరు ఈ రాత్రి కాల్ సమయంలో ల్యాప్‌టాప్‌లో మూడు నల్ల కిటికీలు (కమాండ్ ప్రాంప్ట్) తెరవండి. మొదటి దాంట్లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి మీ రౌటర్ చిరునామా (చాలా ఇళ్లలో 192.168.1.1), మళ్లీ ఖాళీ, హైఫన్, టి. ఇక ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రెండో దాంట్లో ట్రేసర్ట్‌తో (దారిలోని చిరునామాలను వరుసగా చూపే కమాండ్) మీ రౌటర్ దాటాక వచ్చే మొదటి చిరునామా కనుక్కుని దానికి పెట్టండి. మూడో దాంట్లో 1.1.1.1, అది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది. మొదటిది కుదురుగా ఉండి రెండోది ఎగిరితే తప్పు ఇంటికీ కంపెనీ ఆఫీసుకూ మధ్య. మొదటిదే ఎగిరితే తప్పు మీ ఇంట్లోనే. మొదటి రెండూ బాగుండి మూడోదే ఎగిరితే తప్పు కంపెనీ దాటాక. ఇది తేలకుండా ఏ మరమ్మతూ చేయవద్దు.

మల్కాజిగిరి_మాస్టారు · శనివారం, ఉదయం 10:05

గచ్చిబౌలి మిత్రులకు నమస్కారం. మీ వివరణ చదివి నా సందేహం కూడా తీర్చుకోవాలనిపించింది. నేను 100 ప్లాన్ తీసుకున్నాను. మా మనవడు కంప్యూటర్‌లో ఏదైనా దించుకుంటే 12 దగ్గరే ఆగిపోతోంది. ఎనిమిదో వంతు ఇచ్చి వంద రూపాయల ధర వసూలు చేస్తున్నారా అని బాధగా ఉంది.

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · శనివారం, ఉదయం 10:20

మాస్టారూ, మీకు అన్యాయం జరగడం లేదు. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, కంప్యూటర్ చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ను ఎనిమిదితో భాగిస్తే 12.5. మనవడికి 12 వస్తోందంటే లైన్ నిక్షేపంగా ఉన్నట్టు.

మల్కాజిగిరి_మాస్టారు · శనివారం, ఉదయం 10:32

సంతోషం. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ భాగాహారం ఎవరైనా ముందే చెబితే రెండు నెలలు కంపెనీవారిని అనుమానించి ఉండేవాణ్ణి కాదు.

మియాపూర్_సెకండ్‌ఫ్లోర్ · శనివారం, మధ్యాహ్నం 1:44

నాది 300 ప్లాన్. కేబుల్ పెట్టి చూసినా 94 దాటదు. ఎన్నిసార్లు చూసినా 94, 93, 94. వైఫైలో మాత్రం 250 వస్తోంది.

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · శనివారం, మధ్యాహ్నం 2:02

94 చూడగానే ఇక వేరే ఏమీ వెతకనక్కర్లేదు. 100 ఎంబీపీఎస్ ల్యాన్ పోర్టులో లెక్కలూ చిట్టాలూ పోగా మిగిలేది అదే. వైఫైలో 250 వస్తోంది కాబట్టి రౌటర్ దాకా లైన్ బాగానే వస్తోంది. మీ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, నాలుగు జతలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఒక్క తీగ విరిగినా, క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా, రెండు వైపులా మాట్లాడుకుని 100కి దిగిపోతాయి. నాలుగు జతలున్న మంచి కేబుల్ కొత్తది మార్చి చూడండి. ల్యాప్‌టాప్ పాతదైతే దాని పోర్టు కూడా 100దే కావచ్చు.

మియాపూర్_సెకండ్‌ఫ్లోర్ · శనివారం, సాయంత్రం 6:30

కేబుల్ మార్చాను. 287. తలుపు సందులో నలిగిందే పాతది.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్ · శనివారం, రాత్రి 11:25

సార్, మీరు చెప్పినట్టే మూడు కిటికీలు పెట్టాను. నేను కూర్చునేది వెనక బెడ్‌రూమ్‌లో, రౌటర్ ఉండేది హాల్లో టీవీ దగ్గర. రౌటర్‌కే పింగ్ ఒకసారి 4, ఒకసారి 60, మధ్యలో 180 కూడా వచ్చింది. 300లో 6 పోయాయి. అంటే తప్పు మా ఇంట్లోనేనా?

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · శనివారం, రాత్రి 11:50

కొంత మీ ఇంట్లోనే. రెండు గోడల అవతల కూర్చుంటే 5 గిగాహెర్ట్‌జ్ వైఫై సిగ్నల్ సన్నగిల్లిపోతుంది, అప్పుడు ల్యాప్‌టాప్ గోడలు దాటగలిగే 2.4 గిగాహెర్ట్‌జ్‌కి మారిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో 2.4 అంటే సంక్రాంతి ముందురోజు ఎంజీబీఎస్ బస్టాండు. పక్కవాళ్లవీ పైవాళ్లవీ రౌటర్లన్నీ అందులోనే. ఒకదాన్నొకటి తోసుకోకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 ఈ మూడు చానళ్లే. రౌటర్ ఆటోలో ఉంటే ఒక్కోసారి 3లోనో 9లోనో కూర్చుని రెండు పక్కలా తోపులాటలో ఇరుక్కుంటుంది.

వైఫైని బాగుచేయడం తర్వాత చూద్దాం. రేపు ఒక్కరాత్రి ల్యాన్ కేబుల్‌తో ఇదే పరీక్ష చేయండి. హాల్లో కూర్చోవాల్సి వచ్చినా సరే. కేబుల్ లేకుండా కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే వాళ్లు మొదట అడిగేది అదే, అడగడం న్యాయం కూడా.

సైనిక్‌పురి_వీణ · ఆదివారం, ఉదయం 7:50

నేను అమెరికాలో ఉన్న పిల్లలకు ఆన్‌లైన్‌లో వీణ నేర్పిస్తాను. తెల్లవారుజామున ఐదింటికి మొదలు. వాన పడ్డ రోజు, వాన వెలిసిన మర్నాడు కూడా, పాఠం మధ్యలో నెట్ పోయి ఒకటి రెండు నిమిషాలకు వస్తుంది. గమకం చూపిస్తున్నప్పుడు బొమ్మ ఆగిపోతే పిల్లకు అది ఎలా అందుతుంది? మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. స్పీడ్ టెస్ట్ పెడితే ఎప్పుడూ నూటికి నూరు. ఫైబర్‌కు వానతో సంబంధం లేదంటారు. మరి ఎందుకిలా?

దిల్‌సుఖ్‌నగర్_లైన్‌మన్ · ఆదివారం, ఉదయం 11:10

అక్కా, నేను పదమూడేండ్ల సంది ఈ ఫైబర్ పనే చేస్తున్న. ఫైబర్‌కు వానతోని ఏం గాదు, నిజమే. గాజు అది. కానీ జాయింట్‌కు అయితది. స్తంభం మీద జాయింట్ డబ్బా మూత సరిగ్గ పడకుంటే నీళ్లు లోపలికి పోతయ్. నీళ్ల బరువుకు వైర్ వంగినా వెలుతురు బయటికి పోతది.

మీ ఇంట్లున్న ఫైబర్ డబ్బా సెట్టింగుల పేజీ తెరిస్తే ఆప్టికల్ పవర్ అని ఒక అంకె కనిపిస్తది, మైనస్‌ల ఉంటది. మైనస్ 15 నుంచి మైనస్ 24 దాకా ఉంటే నిమ్మలం. మైనస్ 27 దాటిందంటే డబ్బా వెలుతురును పట్టలేకపోతది, అప్పుడప్పుడు లైన్ పడిపోతది. 3 అంకెలు తగ్గిందంటే వెలుతురు సగమైనట్టు. 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. స్పీడ్ టెస్ట్‌ల ఇది కనిపియ్యది. లైన్ ఉన్నంతసేపు ఫుల్ స్పీడే వస్తది, పోయినప్పుడు మొత్తం పోతది. మధ్యల ఏం ఉండది. పవర్ ఎంతుందో చూసి చెప్పుండ్రి.

సైనిక్‌పురి_వీణ · ఆదివారం, మధ్యాహ్నం 12:35

మైనస్ 28.9 అని ఉంది.

దిల్‌సుఖ్‌నగర్_లైన్‌మన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:50

గదే. లైన్ ఎట్ల నడుస్తుందో అదే ఆశ్చర్యం. ముందుగాల మీ ఇంట్ల చూడుండ్రి, పసుపు రంగు సన్న వైర్ ఎక్కడన్న గట్టిగ మడత పడిందా, అల్మారా కింద నలిగిందా. లేకుంటే ఫిర్యాదుల "స్లో ఉంది" అని రాయకుండ్రి. "పవర్ మైనస్ 28.9 ఉంది, మీటర్‌తోని చూసి జాయింట్ మళ్లీ వెయ్యాలె" అని రాయుండ్రి. స్లో అంటే ఫోన్‌లనే రీస్టార్ట్ చేయమంటరు. పవర్ అంకె రాస్తే మా అసొంటోళ్లను మీటర్ ఇచ్చి పంపుతరు.

2025 ఆగస్టుల రామంతాపూర్‌ల ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు పోయినంక నగరమంత స్తంభాల మీది కేబుళ్లు తీసేసిండ్రు. ఆ బాధ ముందర ఇంటర్నెట్ చిన్న మాటే. కానీ ఆ రోజులల్ల రాత్రంత నిచ్చెన మీద నిలబడి టార్చి లైటుకు అతికిచ్చినం. మా ఏరియాల అప్పుడు వేసిన జాయింట్లను మేము తర్వాత ఒక్కొక్కటి మళ్లీ చేసినం. అన్ని తావుల చేసి ఉండకపోవచ్చు. అందుకే చెప్తున్న, మీటర్ పెట్టి చూపియ్యమనుండ్రి. మీ ముందర చూపియ్యమని అడిగే హక్కు మీకుంది.

మల్కాజిగిరి_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

అమ్మా, ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తప్పకుండా రాసి పెట్టుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి చెప్పాలి. అక్కడ పరిష్కారం కాకపోతే 30 రోజుల లోపల అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. వారు 39 రోజుల్లో తేల్చాలి. దీనికి రుసుము లేదు. డాకెట్ నంబరు లేకపోతే అప్పీలుకు ఆధారమే ఉండదు.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్ · ఆదివారం, రాత్రి 11:05

కేబుల్‌తో చేశాను. రౌటర్‌కు 1 కన్నా తక్కువ, కదలదు. బయటి రెండూ ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా 5, 12 దగ్గర నిలకడగా ఉన్నాయి. 9:07కి రెండూ ఒక్కసారిగా 600 దాటాయి. 1.1.1.1కి 640 వచ్చింది. ఇరవై నిమిషాలు అలాగే ఉండి, మళ్లీ 12కి వచ్చేశాయి. మధ్యలో కాల్ రెండుసార్లు పోయింది. రౌటర్ బాగుంది కాబట్టి తప్పు కంపెనీదేనా?

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · ఆదివారం, రాత్రి 11:30

ఇంకా అనకండి. నేను నిన్న పొద్దున చెప్పిన సూత్రానికి ఒక మినహాయింపు ఉంది, అప్పుడే రాసి ఉండాల్సింది. మీ ఇంట్లో ఎవరైనా లైన్ నిండా వాడినా బయటి రెండూ ఇలాగే ఎగురుతాయి. సరిగ్గా 9:07కి మొదలై ఇరవై నిమిషాలకు ఆగింది. కంపెనీలో రద్దీ అయితే మెల్లగా పెరిగి పదకొండు దాకా ఉంటుంది. తొమ్మిదింటికి ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్ · ఆదివారం, రాత్రి 11:52

మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీ నుంచి తొమ్మిదికి వస్తుంది. రాగానే ఫోన్ వైఫైకి కలుస్తుంది. నెల కిందటే ఆ ఫోన్ కొన్నాం. పాప వీడియోలన్నీ 4కేలో తీస్తోంది. ఇప్పుడే చూశాను, రాగానే ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌కు ఎక్కుతున్నాయి. రోజూ అదే సమయం. ఆ ఫోన్ వచ్చిన నెల నుంచే నా కాల్స్ చెడిపోయాయి.

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · సోమవారం, ఉదయం 8:40

దొరికింది. దీని పేరు బఫర్‌బ్లోట్. జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో తన ఇంటి లైన్‌లో ఇదే చూసి ఆ మాట వాడుకలోకి తెచ్చాడు.

లెక్క చూడండి. మీ అప్‌లోడ్ 40 మెగాబిట్లు, అంటే సెకనుకు 5 మెగాబైట్లు. ఫోన్ అంతకన్నా వేగంగా రౌటర్‌లోకి తోసేస్తుంది. ఎక్కువైనవాటిని పారేయడానికి మనసొప్పక డబ్బా వాటిని వరుసలో నిలబెడుతుంది. ఆ వరుస 3 మెగాబైట్లు ఉందనుకోండి, సెకనుకు 5 చొప్పున ఖాళీ కావడానికి 600 మిల్లీసెకన్లు పడుతుంది. మీ గొంతు పొట్లం వచ్చి ఆ వరుస చివర నిలబడుతుంది. ముందున్న పాప వీడియోలన్నీ వెళ్లేదాకా దానికి దారి లేదు. మీకు 640 వచ్చింది, లెక్క సరిపోయింది. స్పీడ్ టెస్ట్ మీకు 39 చూపిస్తే అది అబద్ధం కాదు, కాల్ సమయంలో ఆ 39 మొత్తం ఫోనే వాడుకుంటోంది.

200కు మారితే వీడియోలు త్వరగా ఎక్కుతాయి, గోల నాలుగైదు నిమిషాలకు తగ్గుతుంది. కానీ ఆ కాసేపూ వరుస ఏర్పడుతూనే ఉంటుంది, కాల్ చెడిపోవచ్చు. సరైన మందు వరుసను పొట్టిగా ఉంచడం. మీ రౌటర్‌లో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ ఉంటే ఈ రాత్రికి ఆ ఫోన్ అప్‌లోడ్‌ను 10 దగ్గర కట్టేయండి. శాశ్వతంగా కావాలంటే ఎస్‌క్యూఎం (వరుసను తానే అదుపులో ఉంచే ఏర్పాటు) ఉన్న రౌటర్ తీసుకుని రెండు వైపులా 36 అని పెట్టండి. ప్లాన్‌కన్నా పదో వంతు తక్కువ పెడితే వరుస కంపెనీ డబ్బాలో కాకుండా మీ రౌటర్‌లో ఏర్పడుతుంది. అది చిన్న పొట్లాలను పెద్ద వరుస వెనక నిలబెట్టదు, ముందుకు వదులుతుంది. నాలుగు ఎంబీపీఎస్ పోయాయని బాధపడకండి.

ఇది రెండు నిమిషాల్లో చూసుకోవాలంటే ఫాస్ట్ డాట్ కామ్‌లో వివరాలు నొక్కితే ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ, నిండినప్పటి లేటెన్సీ విడివిడిగా చూపిస్తుంది. ఊక్లాలో కూడా డౌన్‌లోడ్, అప్‌లోడ్ జరిగేటప్పటి పింగ్‌లు పెద్ద అంకెల కింద చిన్నగా ఉంటాయి. నా దృష్టిలో ఆ పేజీ మొత్తంలో అవే విలువైన అంకెలు.

సైనిక్‌పురి_వీణ · బుధవారం, ఉదయం 8:20

లైన్‌మన్ తమ్ముడూ, నిన్న మనిషి మీటర్ తెచ్చి నా ముందే చూపించాడు. వీధి మలుపులో స్తంభం మీద డబ్బాలో నీళ్లున్నాయి. జాయింట్ మళ్లీ వేశాడు. ఇప్పుడు మైనస్ 20.4. రాత్రి బాగా వాన కురిసింది. ఈ తెల్లవారుజామున మూడు పాఠాలు ఒక్కసారి కూడా ఆగకుండా చెప్పాను. మీకు చాలా కృతజ్ఞతలు.

దిల్‌సుఖ్‌నగర్_లైన్‌మన్ · బుధవారం, ఉదయం 9:05

మస్తు సంతోషమక్కా. ఆ 20.4 ఎక్కడన్న రాసి పెట్టుకోండ్రి, తారీకుతోని. ఇంకోసారి తేడా వస్తే పోల్చుకోవచ్చు.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్ · గురువారం, రాత్రి 11:15

మూడు రాత్రులుగా ఫోన్‌కు 10 హద్దు పెట్టి చూశాను. 9:07కి బ్యాకప్ మొదలైంది, 1.1.1.1 పింగ్ 28 దాటలేదు. కాల్ ఒక్కసారీ పోలేదు. హాల్ నుంచి బెడ్‌రూమ్‌కు ల్యాన్ కేబుల్ కూడా లాగించాను. ప్లాన్ 40లోనే ఉంచుకున్నాను. బ్యాకప్ ఆపేయమని నేను మా ఆవిడకు చెప్పలేదు. పాప వీడియోలు భద్రంగా ఉండాలి కదా.

ఉప్పల్_గేమర్ · గురువారం, రాత్రి 11:40

సార్, ఇప్పుడు నా వంతు. కేబుల్ మీదే ఉన్నా. ఇంట్లో వేరెవరూ వాడట్లేదు, మెయిన్ వైఫై కూడా ఆపేశా. ముంబై గేమ్ సర్వర్‌కి పింగ్ పొద్దున 18, రాత్రి 20. సింగపూర్ సర్వర్‌కి పొద్దున 62, రాత్రి తొమ్మిది నుంచి 110, కొన్ని పొట్లాలు పోతున్నాయి కూడా. మొదటి గడప (రౌటర్ దాటాక వచ్చే మొదటి చిరునామా) దగ్గర ఎప్పుడూ 3.

గచ్చిబౌలి_నెట్‌వర్క్ · శుక్రవారం, ఉదయం 8:30

నీది ఇంటి సమస్య కాదు, లైన్ సమస్య కూడా కాదు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ గీత గీసినట్టు వెళ్తే 3300 కిలోమీటర్ల పైచిలుకు, రానూపోనూ 33 మిల్లీసెకన్లు తప్పవు. మన ఊళ్లో సముద్రం లేదు కాబట్టి చెన్నైకో ముంబైకో వెళ్లి అక్కడ కేబుల్ ఎక్కాలి. పొద్దున 62 అంటే బాగుంది. రాత్రి 110 అంటే ఆ దారిలో ఎక్కడో ఇరుకైంది, లేదా వేరే దూరపు దారిలో పంపుతున్నారు. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు యూరప్ వైపు ఇలాగే పెరిగింది. ఇంట్లో రౌటర్ మార్చి నువ్వు దీన్ని తగ్గించలేవు.

కంపెనీకి చూపించాలంటే ఆధారం కావాలి. విన్‌ఎంటీఆర్ (దారిలో ప్రతి గడపకూ పింగ్ కొలిచే ప్రోగ్రామ్) పెట్టి పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, పది పది నిమిషాలు నడిపి రెండూ దాచు. చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్యలో ఒక గడప దగ్గర 40 శాతం లాస్ కనిపించి, ఆ తర్వాతి గడపల్లో సున్నా ఉంటే దాన్ని పట్టించుకోకు. ఆ పెట్టె పింగ్‌లకు జవాబివ్వడం తగ్గించుకుంది, అంతే. ఎక్కడ మొదలైన లాస్ చివరి గడప దాకా కొనసాగుతుందో అదే అసలు చోటు. రాత్రి లాగ్‌లో ఆ గడప పొద్దున లాగ్‌లో కూడా ఉందో, దారే మారిందో చూడు.

ఉప్పల్_గేమర్ · శుక్రవారం, రాత్రి 10:20

దారే మారింది సార్. పొద్దున నాలుగో గడప చెన్నై, రాత్రి అదే చోట ముంబై. లాస్ అక్కడి నుంచే చివరి దాకా ఉంది. రెండు లాగ్‌లూ ఫిర్యాదుకు జతచేసి పంపా, మాస్టారు చెప్పినట్టు డాకెట్ నంబర్ కూడా రాసుకున్నా. జవాబు రాగానే ఇక్కడే పెడతా.